ఆమె కాగితంలో నా రెండు రోజులు

కిందటి వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చదివినవాళ్ళు దాటెయ్యండి.

నా పేరు హనాదీ. మాది సిరియాలో యబ్రూద్. ఆరేళ్ళుగా డెన్మార్క్‌లో, రాండర్స్ ఊళ్ళో, ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి బతుకుతున్నాను. నా మొగుడు జియాద్ మేం ఇక్కడికి రాకముందే లెబనాన్‌లో చనిపోయాడు. పదిహేడేళ్ళ కూతురు రీమ్ ఉంది. జియాద్ చెల్లెలు ఫాదియా ఉంది. మా ఊరి చుట్టుపక్కల ఇప్పుడు యుద్ధం సద్దుమణిగిందని ఇక్కడి సర్కారు తేల్చి, మార్చిలో నా నివాస కాగితం రద్దు చేసింది. నాది పోతే రీమ్‌ది కూడా పోతుంది. గురువారం అప్పీళ్ళ బోర్డు ముందు మా ఆఖరి విచారణ. ఓడితే ఉద్యోగం ఉండదు, ఇల్లు ఉండదు, రీమ్‌కి కాలేజీ ఉండదు. ఊరి బయట, వెళ్ళిపోవాల్సినవాళ్ళని ఉంచే శిబిరంలో ఒక గదీ, మూడు పూటల తిండీ. అంతే.

ఫాదియా కాగితానికి మాత్రం చీమ కుట్టలేదు. మేమిద్దరం ఒకే పడవ దిగాం, ఒకే శిబిరంలో పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. ఆమెకి ఇచ్చింది మొదటి రకం కాగితం, అంటే సొంతంగా హింస పడ్డవాళ్ళది. నాకిచ్చింది మూడో రకం, అంటే ఊరంతా కాలుతుంటే పారిపోయి వచ్చినవాళ్ళది. ఎందుకీ తేడా అని మా లాయరమ్మ మెరెటె ఎన్నిసార్లడిగినా ఫాదియా తన తీర్పు కాగితం చూపించలేదు. "ఎక్కడో పెట్టాను వదినా, దొరకట్లేదు" అనేది. చివరికి రీమ్ మేనత్త సొరుగు తెరిచి, గబగబా ఫోటోలు తీసి, నాకూ లాయరమ్మకీ పంపేసింది. సోమవారం మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూచుని నేను ఆ ఫోటోలు తెరిచాను. అక్కడ ఆపాను.

*

నాలుగు పేజీలు. డేనిష్ నాకు బడిలో రాలేదు, చాకలి మూటల మీది చీటీలు చదివి చదివి వచ్చింది. నెమ్మదిగా చదివాను. మూడో పేజీలో పధ్నాలుగు వరుసలున్నాయి.

డమాస్కస్ రోడ్డు మీద సైనికుల తనిఖీ. బస్సు ఆపారు. దరఖాస్తుదారుని కిందికి దించారు. రోడ్డు పక్కన పాత కోళ్ళ ఫారంలో రెండు రోజులు ఉంచారు. దాణా బస్తాల వాసన. ఒక మనిషి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, ఆ పొట్టు ఆమె ఎడమ చెప్పులోకి ఉమ్మేవాడు. చెప్పు నిండింది.

చెప్పు నిండిందన్న చోట నా వేలు ఆగిపోయింది. ఆ చెప్పు నాది. గోధుమరంగుది, నలభై సైజు.

ఆ ఫారంలో ఇంకా జరిగింది నేనిక్కడ రాయను. ఆ కాగితంలో ఉంది, శుభ్రమైన డేనిష్‌లో, ఫాదియా పేరు మీద.

అప్పుడు నాకు కోపం రాలేదు. ఒట్టు. కుళ్ళు వచ్చింది. ఇంట్లో దొంగ పడితే కోపం రావాలి గానీ కుళ్ళు రావడమేంటని అడుగుతారేమో. నాకూ తెలీదు. పేజీ కింద ఒక వరుస ఉంది: "దరఖాస్తుదారు ఏడ్చినందున ఇరవై నిమిషాలు విరామం ఇవ్వబడింది." ఇరవై నిమిషాలు! అది జరిగింది నాకు. నేను రెండు నిమిషాలైనా ఏడవలేదు. ఆమె నా ఏడుపు ఇరవై నిమిషాలు ఏడ్చింది, ఎవరో మంచినీళ్ళిచ్చారు, ఎవరో కాగితం రుమాలిచ్చారు.

డ్యూటీ మధ్యలో వచ్చేశాను.

*

ఇక్కడ మావాళ్ళ కాగితం ఎంతకాలానిదో తెలుసుకోవాలంటే కాగితం అడగక్కర్లేదు. ఏం నాటారో చూస్తే చాలు. ఏడాది కాగితం వాళ్ళు కిటికీలో పుదీనా పెడతారు. రెండేళ్ళవాళ్ళు కుండీలో గులాబీ. ఫాదియా ఊరి చివర తోట ముక్క ఒకటి అద్దెకి తీసుకుని ద్రాక్ష నాటింది. పందిరి కూడా వేసింది! ద్రాక్ష కాయాలంటే నాలుగేళ్ళు పడుతుంది. నాలుగేళ్ళ తర్వాత నేనిక్కడే ఉంటానని నేలతో ఒప్పందం చేసుకున్న మనిషిని చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలీదు. ఆ తీగ మీద నాకు కుళ్ళు. ఆమె నిద్ర మీద కుళ్ళు. నా కూతురు నా వంట వదిలేసి ఆదివారాలు ఆ తోటకి పరిగెత్తేది, దాని మీద మరీ కుళ్ళు. దాచుకోను, ఇవన్నీ ఆ కాగితం చదవకముందు నుంచే ఉన్నాయి.

ఆ తోట గేటు దగ్గర సైకిలు వదిలేశాను. అది దబ్బున పడింది.

"ఏంటి వదినా, సైకిల్లో గాలి తగ్గిందా, నీలో ఎక్కువైందా?" ఫాదియా పందిరి కింద గ్యాసు పొయ్యి మీద నీళ్ళు మరగబెడుతోంది. "రా, కూచో. మత్తె కాచే వేళకి నిన్నెవరు పిలుస్తారో గానీ, కరెక్టుగా దిగుతావు."

మత్తె అంటే మా వైపు ఆకు టీ. ఒకే గ్లాసు, ఒకే లోహపు గొట్టం, అందరూ అదే. చెయ్యి మారేటప్పుడు గొట్టం మూతిని నిమ్మతొక్కతో రుద్ది ఇస్తాం. యబ్రూద్‌లో మత్తె వద్దన్నారంటే ఆ ఇంటితో మాటలు తెగినట్టే. అన్నదమ్ములు ఆస్తి గొడవల్లో కోర్టుకెక్కి కూడా మత్తె తాగి వెళ్తారు.

ఫాదియా తను రెండు గుక్కలు తాగి, నిమ్మతొక్కతో గొట్టం రుద్ది, గ్లాసు నా వైపు చాపింది.

"వద్దు" అన్నాను.

చెయ్యి అలాగే ఉండిపోయింది. "వద్దా? మత్తెనా? డాక్టరు ఏమైనా చెప్పాడా?"

"నీ చెప్పు సైజెంత?"

"ముప్పై ఏడు. ఎందుకు, పండక్కి కొంటావా?"

"నలభై సైజు చెప్పు నీ కాలికెలా పట్టింది ఫాదియా?"

ఆమె నా మొహం చూసింది. ఒక్కసారి కిందికి, నా కాళ్ళ వైపు చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, పొయ్యి కట్టేసింది. అబద్ధమాడే మనిషయితే "ఏ చెప్పు?" అనేది. అనలేదు.

"రీమ్ తీసిందా?"

"రీమ్ మీదికి తొయ్యకు. అది పిల్ల. నీ సంగతి చెప్పు."

"నేను చెప్పేదేముంది, చదివావుగా." కుర్చీలో కూలబడింది. "అవును. తీసుకున్నాను."

"తీసుకున్నావా? అదేమైనా జల్లెడా, పక్కింటికెళ్ళి తెచ్చుకోడానికి?"

"నువ్వు పారేశావు. నేను ఏరుకున్నాను."

"ఏమన్నావ్?"

"అరవకు, పక్క తోటలో ముసలాయన ఉన్నాడు. మనం పోట్లాడుకుంటే ఆయన పోలీసుల్ని పిలుస్తాడు, నాకు కాదు ప్రమాదం, నీకు." అంతటి వేళలో కూడా నా కాగితం ఎంత పల్చనో గుర్తు చేసింది. "వాళ్ళు నిన్నొదిలేశాక, మన పక్క ఊరు నబక్‌లో, మా పిన్నమ్మ ఇంట్లో, నీ తల మీద నీళ్ళు పోసింది నేను. ఆ రెండు రోజులూ ముక్కముక్కగా నాకు చెప్పింది నువ్వు. చెప్పడం అయ్యాక నా మణికట్టు పట్టుకుని ఏమన్నావో గుర్తుందా? 'ఇది జరగలేదు. ఎవరికీ జరగలేదు' అన్నావు. ఖురాన్ మీద చెయ్యి వేయించావు."

"ఎవరికీ చెప్పొద్దని వేయించాను. నీ పేరు మీద రాయించుకోమని కాదు!"

"విను. శిబిరంలో మొదట నిన్ను పిలిచారు. నువ్వు బయటికొచ్చి, తలగుడ్డ సవరించుకుని, 'నన్నెవడూ వేలితో కూడా ముట్టలేదు, నాకేం జరగలేదని మొహం మీదే చెప్పాను' అన్నావు. ఎంత గర్వంగా అన్నావో! తర్వాత నన్ను పిలిచారు. 'నీకు సొంతంగా ఏం జరిగింది?' అన్నారు. బాంబులన్నాను. 'అవి అందరికీ పడ్డాయి, నీకేం జరిగింది?' అన్నారు. అన్నయ్య చచ్చిపోయాడన్నాను. 'అది ఆయనకి జరిగింది, నీకేం జరిగింది?' మళ్ళీ అదే. నాకేం జరగలేదు వదినా! ఈ దేశంలో అదే నా తప్పు. ఇరవయ్యారేళ్ళ ఒంటరి ఆడది, మొగుడు లేడు, బిడ్డ లేదు, చూపించడానికి ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఏం చూపించను?"

నేను ఒప్పుకుంటాను, అది నిజం. మా ఊళ్ళో ఆడదాన్ని "నీకేమైనా జరిగిందా?" అని అడిగితే "లేదు" అనేదొక్కటే జవాబు. అలా అన్నందుకు మామలు మెచ్చుకుంటారు, కూతుళ్ళకి సంబంధాలొస్తాయి. ఇక్కడ అదే జవాబుకి ఏడాది కాగితం ఇస్తారు. ఎవడి పుండు పెద్దదో చూసి తలుపు తీసే ఇల్లిది. పుండు లేనివాళ్ళు గడప మీదే. ఈ రూలు రాసినవాడెవడో గానీ, మా ఆడవాళ్ళలో ఒక్కదాంతోనైనా మాట్లాడి రాసుండడు. అయినా రూలుని తిట్టుకుంటూ కూచుంటే ఎదురుగా ఉన్నది తప్పించుకుంటుంది. తప్పించుకోనివ్వదలచుకోలేదు.

"ఏడ్చావంటగా. ఇరవై నిమిషాలు."

"అదీ రాశారా?" గొంతు తగ్గింది. "అది మాత్రం నటన కాదు. నీ కోసమే ఏడ్చాను."

"నా కోసం ఏడిస్తే నా పేరెందుకు రాయించలేదు? సరే, చెప్పు తీసుకున్నావు, ఫారం తీసుకున్నావు. బస్సు సంగతేంటి?"

ఆమె బల్ల మీది నిమ్మతొక్క చేతిలోకి తీసుకుంది.

"చదవనా? నాకు నోటికొచ్చు. 'దరఖాస్తుదారుని దించుతుండగా ఆమె వదిన సీట్లోంచి లేవలేదు. బస్సు వదినతో ముందుకు వెళ్ళిపోయింది.' సీట్లోంచి లేవనిది ఎవరు ఫాదియా?"

"నువ్వే కళ్ళతో చెప్పావు, దిగొద్దని."

"చెప్పాను. ఇప్పటికీ నువ్వు దిగలేదని నిన్నొక్క మాట అన్నానా? ఈ ఆరేళ్ళలో? నా గాయం నువ్వు తొడుక్కుని, నీ పిరికితనం విప్పి నాకు తొడిగావు. అదెందుకు మరి? అది లేకపోతే కాగితం ఇవ్వమన్నారా?"

"అది లేకపోతే కథ నిలవదు" అంది చిన్నగా. "ఇద్దరం ఒకే బస్సు అని నువ్వప్పటికే లోపల చెప్పేశావు."

కుర్చీ తన్నాను. ఆమె లేచింది. అప్పటిదాకా తగ్గి మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి నా మీదికొచ్చింది.

"అంతా నేనే లాక్కున్నాననుకుంటున్నావు గదా! ఆ రోజు లోపల కూచున్న దుబాసీ ఎవరో తెలుసా? నబక్ వాడు. నెల తిరక్కుండా ఊరంతా పాకింది, ఫాదియాని సైనికులు పట్టుకున్నారట, చెడిందట అని. పక్కన ఆర్హుస్ నుంచి వచ్చిన సంబంధం ఎందుకు తప్పింది? ఆ రొట్టెల కొట్టు హుసామ్ ఎందుకు మొహం తిప్పుకున్నాడు? నీకు తెలుసు. ఆ పుకారు నీ చెవినా పడింది. పడలేదని చెప్పు!"

పడింది. ఒక పెళ్ళి భోజనాల్లో, నా పక్కన కూచున్నావిడ చెప్పింది. నా సంగతే పొరబాటున ఆమెకి అంటగట్టారేమో అనుకున్నాను. అయ్యో అనుకోలేదు. హమ్మయ్య అనుకున్నాను. "అదేం లేదండీ" అని ఒక్క మాట అనకుండా అన్నం కలుపుకున్నాను.

"నోరు లేవట్లేదే?" అంది ఫాదియా. "నా పేరు పోతుంటే నువ్వు నోరు మూసుకున్నావు. నీకు హాయిగా ఉంది. కాగితం నాకు దక్కింది, పరువు నీకు దక్కింది. ఇంట్లో కూతురు దక్కింది. కుళ్ళుకోవాల్సింది నువ్వా, నేనా?"

నాకున్నవాటిని చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఒకతి ఈ భూమ్మీద ఉందని ఆ క్షణందాకా నాకు తట్టలేదు.

అప్పుడే నా ఫోను మోగింది. మెరెటె.

"హనాదీ! మంచి వార్త!" ఆ మనిషి ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడదు, ఫాదియాకి కూడా వినబడుతోంది. "మీ అమ్మాయి పంపిన కాగితం చదివాను. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారండీ? మీ ఇంటి ఆడపిల్లని సైన్యం పట్టుకుంది, సర్కారు అది నమ్మింది కూడా. అదే ఇంటిపేరుతో మీరు వెనక్కి వెళ్తే మీకూ ప్రమాదమే. మనకి లేనిదల్లా ఇదే, మీకంటూ ఒక సొంత కారణం. పొద్దున్నే బోర్డుకి పంపేశాను. గురువారం మీ ఆడపడుచుని సాక్షిగా తీసుకురండి. అక్కడ మళ్ళీ ఒకసారి ఆమె నోటితో చెబితే, గెలుస్తామని నా నమ్మకం."

"ఆమె చెబితే చాలా?"

"ఆమె చెప్పాలి, మీరు అవునని ఒప్పుకోవాలి. మీరూ అదే బస్సులో ఉన్నారు కదా."

"మాట వరసకి అడుగుతున్నా. అది ఆమెకి కాదు, నాకే జరిగిందని చెబితే?"

మెరెటె మాట నెమ్మదించింది.

"ఆరేళ్ళ తర్వాతా? అవే మాటలతోనా? వద్దు హనాదీ. మీది కొత్తగా అల్లిందంటారు. ఆమె ఫైలు కూడా తెరుస్తారు. అబద్ధం చెప్పి తీసుకున్న కాగితమైతే అదీ పోతుంది, కేసు కూడా పడుతుంది. ముగ్గురూ మునుగుతారు. ఎందుకడిగారు?"

"ఊరికే."

ఫోను పెట్టేశాను. ఫాదియా పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

"వస్తాను" అంది. "నీ కోసం వస్తాను. చెప్తాను."

"నా కోసమట! నా ముందే నిలబడి, నాది నీదని చెప్తావు. వాళ్ళు నీకు మంచినీళ్ళిస్తారు. నేను పక్కన కూచుని తలూపాలి, అవునండీ, నేను సీట్లోంచి లేవలేదండీ అని."

"ఊపితే ఉంటావు. రీమ్ ఉంటుంది. ఊపడానికేం, మెడ విరిగిపోదు."

"నీ మెడ కాదు గదా!"

"పోనీ నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో. గురువారం నేనేం చెప్పాలో నువ్వే చెప్పు వదినా. నువ్వు ఏం చెప్పమంటే అది చెప్తాను. నిజం చెప్పి శిబిరానికి పొమ్మంటే పోతాను. దేవుడి మీద ఒట్టు." చెయ్యి గుండె మీద వేసుకుంది. అది నటనో కాదో నాకు తెలీదు. నా ఏడుపు అంత బాగా ఏడ్చిన మనిషిని ఇక ఎలా నమ్మను?

జవాబు చెప్పేలోపు గేటు దగ్గర బ్రేకు కీచుమంది. రీమ్. వీపున కాలేజీ సంచి, ఉబ్బిన మొహం. నా సైకిలు నేల మీద పడి ఉంటే దాన్ని దాటుకుని వచ్చింది. నన్నూ దాటుకుని వెళ్ళింది.

"అత్తా!"

వెళ్ళి ఫాదియా మెడని రెండు చేతులా చుట్టేసింది. ఫాదియా చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"అత్తా, ఫోటోలు తీసినప్పుడు చదవలేదు, ఒట్టు. ఇవాళ లైబ్రరీలో కూచుని చదివాను. అంతా చదివాను." వెక్కిళ్ళతో మాట సరిగ్గా రావట్లేదు. "ఇంతుంటే నాతో నవ్వుతూ ఎలా ఉన్నావత్తా? నా జడలేశావు, నాకు లెక్కలు చెప్పావు... ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా? ఆ చెప్పు... వాడు ఆ చెప్పులో..."

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నా కూతురు నా కోసం ఏడుస్తోంది. పదిహేడేళ్ళలో ఎప్పుడూ ఏడవనంతగా ఏడుస్తోంది. ఇంకొకరి భుజం మీద. ఆ తడి అంతా ఫాదియా జాకెట్టులోకి ఇంకిపోతోంది. కాగితం పోయినా, పరువు పోయినా తట్టుకుంటానేమో. ఆ తడి నాకు కావాలి. చెయ్యి చాపి ఆ పిల్లని అక్కణ్ణించి పీకి, "అది నేను, అది నీ అమ్మ" అని అరవాలనిపించింది. అరిస్తే గురువారం ముగ్గురం పోతాం.

ఫాదియా మెల్లగా రీమ్ చేతులు విడిపించబోయింది. రీమ్ వదల్లేదు. అలాగే పట్టుకుని తల మాత్రం నా వైపు తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాటిలో నేనెప్పుడూ చూడనిది ఏదో ఉంది. అసహ్యమని ఆ పిల్లకి ఇంకా పేరు తెలీదనుకుంటాను.

"అమ్మా, ఆ బస్సులో నువ్వూ ఉన్నావు. అత్తని వాళ్ళు లాక్కెళ్తుంటే నువ్వు సీట్లోంచి లేవలేదని రాసుంది." మింగి, మళ్ళీ అంది. "అబద్ధమని చెప్పమ్మా. నువ్వలాంటిదానివి కాదని చెప్పు."

రీమ్ తల మీదుగా ఫాదియా నన్నే చూస్తోంది.

నేను నోరు తెరిచాను.